పద్యానికి గణాలు కట్టడం – నాలుగో పాఠం: ఒత్తు ఉంటే వెనక్కి చూడండి

ఈసారి ద్విపద (రెండేసి పాదాల పద్యం) చెబుతానన్నాను. తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. చాలామంది ‘మెట్లు’లో ‘ట్లు’ని గురువు చేశారు. గురువంటే పలకడానికి రెండు మాత్రల కాలం పట్టే అక్షరం, ఒక్క మాత్రే పడితే లఘువు. ఇది సరిచేసుకోకుండా ముందుకెళ్తే ఏ పద్యానికీ గణాలు, అంటే గురులఘువుల గుంపులు, కుదరవు.

ఒత్తు ఉన్నంత మాత్రాన ఆ అక్షరం గురువు కాదు. దాని ముందు అక్షరం గురువవుతుంది. ‘మెట్లు’ అని నిదానంగా పలికి చూడండి, ఊనిక పడేది ‘మె’ మీదే. కాబట్టి ‘మె’ గురువు, ‘ట్లు’ లఘువు. లడ్డులో ‘ల’ గురువు, ‘డ్డు’ లఘువు. పుష్కరిణిలో ‘పు’ ఒక్కటే గురువు, మిగతా మూడూ లఘువులు. చిత్తూరులో ‘త్తూ’ గురువే, అయితే దీర్ఘం వల్ల. ఒత్తు వల్ల గురువైంది ‘చి’. శ్రీకాళహస్తిలో ‘శ్రీ’ కూడా దీర్ఘం వల్లే గురువు.

నేను అక్షరం అక్షరం తేల్చుకుంటూ పోను. ముందు దీర్ఘాలకు (ఐ, ఔలు కూడా), సున్నలకు, విసర్గలకు, పొల్లులకు గురువు పెట్టేస్తాను. తర్వాత ఒత్తులు వెతికి, ఒక్కోదానికి ముందున్న అక్షరానికి గురువు పెడతాను. మిగిలినవన్నీ లఘువులే. టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు మాటకూ మాటకూ మధ్య వస్తుంది. తెనాలి రామకృష్ణుడిదని చెప్పుకునే ఈ చాటువు (విడిగా చెప్పిన పద్యం) చూడండి:

చిన్నన్న ద్విపద కెరుగును
పన్నుగ బెదతిరుమలయ్య పదమున కెరుగున్
మిన్నంది మొరసె నరసిం
గన్న కవిత్వంబు పద్య గద్య శ్రేణిన్

ఇది తాళ్లపాక వారి మీద చెప్పిన కందం, నాలుగు పాదాల పద్యం. పెదతిరుమలయ్య అన్నమయ్య (1408–1503) కొడుకు. చిన్నన్న మనుమడు, తాత చరిత్రను ద్విపదలోనే రాశాడు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకులు ఈ ఇంటివాళ్ల పాటలవే.

కందంలో గణానికి నాలుగు మాత్రలు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. మొదటి పాదం ఇలా విరుగుతుంది: చిన్న – న్న ద్విపద – కెరుగును. మొదటి ‘న్న’ గురువు, ఎందుకంటే దాని తర్వాత ఇంకో ‘న్న’ ఉంది. రెండో ‘న్న’ తర్వాత ‘ద్వి’ ఉన్నా అది లఘువే. గురువు చేస్తే రెండో గణానికి అయిదు మాత్రలొచ్చి పాదం చెడుతుంది. ‘చిన్నన్న’ తెలుగు మాట, అక్కడితో అయిపోయింది. పక్క మాటలోని ఒత్తు దాన్ని తాకదు.

ఇప్పుడు చివరి పాదం: గన్న క – విత్వం – బు పద్య – గద్య – శ్రేణిన్. ఇక్కడ ‘గద్య’లోని ‘ద్య’ తర్వాత ‘శ్రే’ వచ్చింది, ‘ద్య’ గురువైంది. కాకపోతే నాలుగో గణానికి మూడు మాత్రలే మిగులుతాయి. పద్యగద్యశ్రేణి సంస్కృత సమాసం, మొత్తం ఒకే మాట. అచ్చులో మధ్యన ఖాళీ వదిలారని రెండు మాటలనుకోకండి. ముద్రణలో ఖాళీలను నేను అసలు నమ్మను. ‘మన ప్రభువు’లో ‘న’ లఘువు, ‘లోకప్రభువు’లో ‘క’ గురువు. ఈ తేడా పట్టుబడితే సగం ఛందస్సు వచ్చినట్టే.

వచ్చే పాఠంలో ద్విపద, తరిగొండ వెంగమాంబ (1730–1817)తో. తిరుమలలో ఆవిడ పేరున్న భవనంలో అన్నప్రసాదం తిని ఉంటారు. భాగవతాన్ని ద్విపదలో చెప్పిన కవయిత్రి ఆవిడ.

అభ్యాసం: పై కందంలో రెండు, మూడు పాదాలకు గణాలు కట్టండి. తర్వాత అలిపిరి మీదో కపిలతీర్థం మీదో మూడు గణాల కందపాదాలు అయిదు సొంతంగా రాయండి. అన్నిటిలోనూ రెండో అక్షరం ‘న్న’ కావాలి, గుణింతం ఏదైనా సరే. మొదటి, మూడో గణాలుగా జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు. కనీసం రెండు పాదాల్లో, పక్క మాట ఒత్తుతో మొదలైనా లఘువుగానే నిలిచే అక్షరం ఉండాలి. దాని కింద గీత గీసి పంపండి. అర్థం లేని పాదాలు దిద్దను.