ప్రమాదకర సూక్ష్మజీవులపై ప్రభుత్వ నిధులతో పరిశోధన: విశాఖలో అనుమతులకు దరఖాస్తు విధానం

విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయంలో గానీ వైద్య కళాశాలలో గానీ క్షయ, ఆంత్రాక్స్ లాంటి జబ్బుల క్రిములను పెంచి పరిశోధన చేయాలనుకుంటే, ముందు చూసుకోవాల్సింది ప్రాజెక్టు నిధులు కాదు. మీ సంస్థలో బయోసేఫ్టీ కమిటీ (ఐబీఎస్సీ) ఉందా, దాని గడువు మిగిలి ఉందా అన్నది ముందు కనుక్కోండి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ కమిటీ తప్పనిసరి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) నడిపే ఇండియన్ బయోసేఫ్టీ నాలెడ్జ్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేయించాలి. కాలపరిమితి మూడేళ్లు. సంస్థ అధిపతి చైర్మన్‌గా ఉంటారు. డీబీటీ నామినీ, బయోసేఫ్టీ అధికారి, బయటి నిపుణులు, సంస్థలోని శాస్త్రవేత్తలు సభ్యులు. నామినీ రాకుండా సమావేశం పెట్టుకోవద్దు. ఆయనకు వీలయ్యే తేదీ కోసం నెలల తరబడి ఆగాల్సి రావచ్చు కాబట్టి, నిధుల ప్రకటన వెలువడక ముందే తేదీ అడిగి పెట్టుకోవడం మంచిది.

తర్వాత మీ క్రిమి ఏ రిస్క్ గ్రూపులోకి (ప్రమాద తీవ్రతను బట్టి పెట్టిన వర్గం, 4వది అత్యంత ప్రమాదకరం) వస్తుందో తేల్చుకోవాలి. డీబీటీ 2017 మార్గదర్శకాల్లో జాబితా ఉంది. డెంగీ వైరస్ 2వ గ్రూపు, క్షయ, ప్లేగు, ఆంత్రాక్స్ క్రిములు 3వ గ్రూపు, నిపా 4వ గ్రూపు. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే తప్పుతాయి. క్రిమి గ్రూపు, ల్యాబ్ స్థాయి ఒకటే అనుకుంటారు. కఫంతో స్లైడ్ వేసి చూడటం రెండో స్థాయి ల్యాబ్‌లో జాగ్రత్తగా చేసుకోవచ్చు. అదే క్షయ క్రిమిని కల్చర్‌గా (ల్యాబ్‌లో పెద్ద సంఖ్యలో) పెంచి, ఆ కల్చర్‌తో మందుల పరీక్షలు చేయాలంటే మూడో స్థాయి (బయోసేఫ్టీ లెవల్-3, బీఎస్ఎల్-3) ల్యాబ్ కావాలి. గాలిలో తేలే తుంపరలు అక్కడే ఎక్కువగా పుడతాయి. అందుకే దరఖాస్తులో క్రిమి పేరు మాత్రమే రాసి ఊరుకోకుండా దానితో చేసే ప్రతి పనీ విడివిడిగా రాయండి: సెంట్రిఫ్యూజ్ తిప్పుతారా, సోనికేషన్ (ధ్వని తరంగాలతో కణాలను పగలగొట్టడం) చేస్తారా, జంతువులకు ఎక్కిస్తారా, ఒక్కోసారి ఎన్ని మిల్లీలీటర్ల కల్చర్ పెంచుతారు. 'తగినంత' అని రాస్తే కమిటీ వెనక్కి పంపుతుంది, అలా పంపడమే న్యాయం. స్ట్రెయిన్ (క్రిమి ఉపరకం) పేరు, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మందులకు లొంగదు అన్నవి కూడా ఉండాలి.

2వ గ్రూపు వరకు జన్యుమార్పిడి పనులకు చాలావరకు ఐబీఎస్సీ ఆమోదం సరిపోతుంది. 3వ గ్రూపు, ఆపైన అయితే కమిటీ సిఫార్సుతో ఫైలు ఢిల్లీలోని ఆర్‌సీజీఎంకు (జన్యుమార్పిడి పనులను సమీక్షించే కేంద్ర కమిటీ) వెళ్తుంది. అక్కడి అనుమతి చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. బీఎస్ఎల్-3 ల్యాబ్‌ను ధ్రువీకరించేదీ ఆర్‌సీజీఎమ్మే, అందుకు 2020లో విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. నిధులిచ్చే సంస్థ ఏదైనా బయోసేఫ్టీ ఆమోద పత్రం అడుగుతుంది.

ల్యాబ్ గురించి ఏం రాయాలి

బయోసేఫ్టీ క్యాబినెట్‌కు (క్రిములతో పని చేసేందుకు గాలిని వడగట్టే పెట్టె) ఏడాదిలోపు చేయించిన పరీక్ష పత్రం జతచేయండి. క్లాస్-2 ఏ2 రకంలో గాలి లోపలికి వెళ్లే వేగం సెకనుకు సుమారు 0.5 మీటర్లు ఉండాలి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట, తలుపు పక్కన క్యాబినెట్ పెడితే ఆ గాలి తెర చెదిరిపోతుంది, కాగితం మీద ఉత్తీర్ణమైనా మనిషికి రక్షణ ఉండదు. గది నమూనాలో ఏసీ వెంట్లు, తలుపులు, క్యాబినెట్ మూడూ గుర్తించి చూపండి.

విశాఖలో ఉప్పుగాలి సంగతి పట్టించుకోక తప్పదు. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) తలుపు బోల్టులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగింపులు తుప్పు పడతాయి, కాబట్టి నిర్వహణ షెడ్యూలు ఇక్కడి గాలికి తగ్గట్టు ఉండాలి, కంపెనీ కరపత్రంలోది ఎత్తి రాయొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. బీఎస్ఎల్-3లో కరెంటు పోతే గది నెగెటివ్ ప్రెషర్ (లోపలి గాలి బయటకు రాకుండా ఉంచే తక్కువ ఒత్తిడి) పోతుంది. అప్పుడు పని ఆపి, కల్చర్లు మూసి, క్రమం ప్రకారం బయటకు రావడం, జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకుంటుంది, డీజిల్ ఎన్ని గంటలకు సరిపోతుంది, మైనస్ 80 ఫ్రీజర్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ అత్యవసర ప్రణాళికలో ఉండాలి. 1989 నిబంధనల్లో ఆ ప్రణాళిక నకలును జిల్లా స్థాయి కమిటీకి అందుబాటులో ఉంచాలని ఉంది. ఆ కమిటీకి జిల్లా కలెక్టర్ అధ్యక్షులు.

భద్రత విషయానికొస్తే ఫ్రీజర్‌కు తాళం, ప్రతి వయల్‌కూ నంబరు, తీసినవారి సంతకం, వాడాక నాశనం చేసిన తేదీ. రిజిస్టరుకూ ఫ్రీజర్‌కూ లెక్క కుదరకపోతే తనిఖీ అక్కడే ఆగుతుంది.

వ్యర్థాలు

2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల కింద ఫారం-2తో కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు చేసి అధికార పత్రం తీసుకోవాలి. కల్చర్లను ల్యాబ్ ఆవరణలోనే ముందుగా శుద్ధి చేయాలి. గ్రావిటీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పీఎస్ఐ, 60 నిమిషాలు. సంచులు కుక్కి నింపితే మధ్యలోకి ఆవిరి చేరదు, గేజీ మాత్రం 121 చూపిస్తుంది. అందుకే బ్యాక్టీరియా స్పోర్ల పట్టీ సంచి నడిమధ్య పెట్టి పరీక్షించాలి, మూత దగ్గర కాదు. బ్లీచింగ్ కలిపిన ద్రవాన్ని ఎప్పుడూ ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. హైపోక్లోరైట్ ద్రావణం ఏ రోజుకారోజే కలపాలి, ఇక్కడి ఎండలకు త్వరగా బలం తగ్గుతుంది.

పంపడం, తెప్పించడం

క్షయ రోగి కఫం నమూనా యూఎన్ 3373 (ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు) కింద వెళ్తుంది, అదే క్రిమి కల్చర్ యూఎన్ 2814 కింద. రెండింటికీ మూడు పొరల ప్యాకింగే అయినా, రెండోదానికి 9 మీటర్ల ఎత్తు నుంచి పడేసినా పగలని, ధ్రువీకరించిన పెట్టె కావాలి. ప్రయాణికుల విమానంలో ఒక్కో ప్యాకేజీకి 50 మిల్లీలీటర్లే పరిమితి. డ్రై ఐస్ పెడితే వాయువు బయటకు పోయే దారి ఉంచాలి, బిగించేస్తే పెట్టె పేలుతుంది. విదేశాలకు పంపేవాళ్లు స్కోమెట్ (ఎగుమతిపై నియంత్రణ ఉన్న వస్తువుల) జాబితా 2వ విభాగం చూసుకోవాలి. క్రిమి అందులో ఉంటే డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు తప్పదు, అవతలివారు మీ సొంత భాగస్వాములైనా సరే. అమెరికా నిధులతో ఉమ్మడి ప్రాజెక్టులున్నవారు 2025 మే 5 నాటి అధ్యక్ష ఉత్తర్వును కూడా చదవాలి. క్రిముల ప్రమాదాన్ని పెంచే తరహా ప్రయోగాలకు అక్కడి ప్రభుత్వ నిధులపై అది ఆంక్షలు పెట్టింది.

అనుమతి వచ్చాక కొత్త స్ట్రెయిన్, కొత్త ప్లాస్మిడ్ (జన్యువులను మోసే డీఎన్ఏ వలయం), కొత్త గది, వీటిలో ఏది మారినా ముందే ఐబీఎస్సీకి సవరణ దరఖాస్తు పెట్టాలి. సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించి రికార్డు ఉంచాలి. సూది గుచ్చుకున్నా, క్యాబినెట్ బయట కల్చర్ ఒలికినా అదే రోజు బయోసేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా తెలపాలి, చెప్పినవారిని తప్పుపట్టకూడదని సంస్థ ముందే లిఖితంగా హామీ ఇవ్వాలి. వ్యర్థాల వల్ల జరిగిన ప్రమాదమైతే ఫారం-1లో కాలుష్య నియంత్రణ మండలికి నివేదించాలి. వ్యర్థాలపై వార్షిక నివేదిక ఫారం-4లో జూన్ 30 లోపు చేరాలి.