వాడని పారామీటర్లను పైలింట్‌తో పట్టుకోండి

బరంపురం, రాయగడ వైపు దుకాణాలకు పైథాన్‌లో బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే మనవాళ్లకు ఒక మాట. బిల్లు ముద్రించే ఫంక్షన్‌కు సరుకులు, తగ్గింపు, భాష అని మూడు పారామీటర్లు, అంటే ఫంక్షన్ తీసుకునే విలువలకు పేర్లు, పెడతాం. కొన్నాళ్లకు భాష సంగతి సెట్టింగుల ఫైలుకు మారుతుంది, పారామీటరు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కొత్తగా చేరిన కుర్రవాడు దానికి ‘ఒడియా’ అని పంపి, బిల్లు తెలుగులోనే ఎందుకు వస్తోందో అంతుపట్టక పూటంతా తల పట్టుకుంటాడు. ఆ శ్రమ అతనికి అక్కర్లేదు.

పైథాన్ కోడులో తప్పులు వెతికే పైలింట్ అనే సాధనాన్ని నడపండి. ప్రోగ్రామును రన్ చేయకుండానే డబ్ల్యూ0613 అనే హెచ్చరికతో ఆ పారామీటరు పేరు, లైను నంబరు చూపిస్తుంది.

అది చూపినవన్నీ తీసేయకండి. పైథాన్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే టీకింటర్‌లో, కీబోర్డు మీటలు నొక్కినప్పుడు నడిచేలా బైండ్ చేసిన ఫంక్షన్, వాడినా వాడకపోయినా ఈవెంటును, అంటే ఏ మీట నొక్కారో తెలిపే సమాచారాన్ని, తీసుకోవలసిందే. అలాంటి పేరు ముందు అండర్‌స్కోరు పెడితే పైలింట్ ఊరుకుంటుంది.

నిజంగా పనికిరానిదైతే, తీసే ముందు ఆ ఫంక్షన్‌ను పిలిచిన చోట్లన్నీ వెతకండి. ఎక్కడైనా ‘భాష’ అని పేరుతో విలువ పంపి ఉంటే, పారామీటరు తీసేశాక అక్కడ టైప్ఎర్రర్ అనే లోపం వస్తుంది. అదీ కౌంటరు దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడే బయటపడవచ్చు.