విసురులో, షాట్‌లో ఊపు తుంటి నుంచి తెచ్చుకోవడం ఎలా

బంతి అనుకున్నంత దూరం పోకపోతే చాలామంది ముందు చేతుల మీద పడతారు. డంబెల్స్ ఎత్తుతారు, భుజాన్ని ఇంకా గట్టిగా విసురుతారు. దాంతో భుజం నొప్పి పెరుగుతుంది గానీ దూరం పెద్దగా పెరగదు. టెన్నిస్ సర్వ్‌ను కొలిచి వేసిన లెక్కల ప్రకారం చేతికి అందే శక్తిలో సగానికి పైగా కాళ్లు, తుంటి, మొండెం నుంచే వస్తుంది. అలా కింది నుంచి వచ్చేది 20 శాతం తగ్గితే, అదే బలంతో కొట్టడానికి భుజం 34 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. కింద ఎగ్గొట్టిన పనంతా భుజం మీద పడుతుందన్నమాట.

బౌండరీ నుంచి త్రో, జావెలిన్, గోల్ఫ్ స్వింగ్, టెన్నిస్ ఫోర్‌హ్యాండ్, అన్నిటిలోనూ వరస ఒకటే. పాదం, తుంటి, ఛాతీ, భుజం, మోచేయి, మణికట్టు. ఒకటి వేగం అందుకుని నెమ్మదిస్తుండగా దాని పైది ఆ వేగాన్ని అందుకుంటుంది. బ్యాటింగ్‌లో మాత్రం ఒక తేడా ఉంది. స్ట్రెయిట్ డ్రైవ్‌లో తుంటి అంతగా తిరగదు, ఇక్కడ చెప్పేది పుల్, స్లాగ్ లాంటి అడ్డ బ్యాట్ షాట్లకు వర్తిస్తుంది. కింది సూచనలన్నీ కుడిచేతి వాటం వాళ్లకు రాసినవి. ఎడమచేతి వాటమైతే కుడి ఎడమలు మార్చుకోండి.

ఏది తిరగాలి, ఏది బిగిసి ఉండాలి

నడుములో ఉన్న 5 వెన్నుపూసలు అన్నీ కలిపి ఒక్కో వైపుకు సుమారు 10 డిగ్రీలకు మించి పెద్దగా తిరగవు. పక్కటెముకలు అతుక్కున్న 12 పూసల భాగం 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. తుంటి కీలు లోపలికి 35 నుంచి 40 డిగ్రీలు, బయటికి 45 దాకా తిరుగుతుంది. కాబట్టి తిరగాల్సినవి కింద తుంటి, పైన ఛాతీ. మధ్యలో నడుము తిరిగే పని తక్కువ, శక్తిని దాటించే పని ఎక్కువ. నడుమునే మెలితిప్పి బలం తేవాలని చూసేవాళ్లకు ముందు వచ్చేది నడుము నొప్పే.

బరువు వెనక్కి తీసుకోవడం

గురికి పక్కవాటుగా నిలబడండి. బరువు కుడికాలి మీదికి తీసుకుంటూ, కుర్చీ అంచు మీద కూర్చోబోతున్నట్టు కుడి పిరుదును కొద్దిగా వెనక్కి నెట్టండి. బరువు కుడి పాదం లోపలి అంచు మీద, బొటనవేలి మొదట్లో తెలియాలి. కుడి పిరుదులో సాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టే. మోకాలు చిటికెన వేలు దాటి బయటికి పోయిందంటే మీరు తుంటిని తిప్పలేదు, ఒళ్లంతా పక్కకు జరిపారు. అక్కడి నుంచి ఎంత తోసినా బలం పుట్టదు.

అడుగు, తుంటి, ఆ తర్వాతే ఛాతీ

ఎడమకాలితో గురి వైపు అడుగు వేయండి. విసరడానికైతే మీ ఎత్తులో సగంతో మొదలుపెట్టండి. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్లు తమ ఎత్తులో 80 శాతం, అంతకు మించి కూడా వేస్తారు గానీ దానికి కాలి బలం కావాలి. అడుగు పొడుగై బరువు వెనకే ఉండిపోతే తుంటి తిరగదు. పాదం గురి వైపు చూస్తూ, మునివేళ్లు ఓ పిసరు లోపలికి ఉండాలి. మరీ బయటికి తిరిగితే తుంటి ముందే తెరుచుకుపోతుంది, మరీ లోపలికి ఉంటే అసలు తిరగడానికి చోటుండదు.

ఇప్పుడు కుడి పాదం లోపలి అంచుతో నేలను తన్నండి. మడమ లేస్తుంది, కుడి మోకాలు ఎడమ మోకాలి వైపు దూసుకొస్తుంది, బెల్టు బకిల్ గురి వైపు తిరగడం మొదలవుతుంది. ఛాతీ మాత్రం ఇంకా పక్కకే చూస్తూ ఉండాలి, బంతి ఉన్న చెయ్యి వెనకే ఉండాలి. మొత్తం పనిలో కష్టమైన చోటు ఇదే. మంచి పిచ్చర్లలో ఈ క్షణాన తుంటికీ భుజాలకూ మధ్య 40 నుంచి 60 డిగ్రీల తేడా ఉంటుంది. గోల్ఫ్‌లో వెనక్కి తిప్పినప్పుడు భుజాలు 90, తుంటి 45 డిగ్రీలు అని నేర్పడం మామూలు.

ఆ తేడా వల్ల డొక్కల్లోని కండరాలు ఏటవాలుగా సాగుతాయి. కుడివైపు పై పొర, ఎడమవైపు లోపలి పొర కలిసి పనిచేసి ఛాతీని ఎడమకు లాగుతాయి. సాగిన వెంటనే ముడుచుకున్న కండరం మామూలు కన్నా గట్టిగా లాగుతుంది. వెంటనే అన్నది ముఖ్యం. తుంటికీ ఛాతీకీ మధ్య ఎడం సెకనులో కొన్ని వందో వంతులే. తుంటి తిప్పి, ఆగి, ఊపిరి పీల్చుకుని అప్పుడు విసిరితే సాగదీసిన ఫలితం పోయినట్టే.

ఎడమకాలు బ్రేకు

తుంటి తిప్పడం చాలామందికి నెల రోజుల్లో పట్టుబడుతుంది. ఆపడం రాదు. వేగంగా పోతున్న బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు విసిరినట్టు తూలుతారు. ఎడమకాలు చేసే పని ఆ బ్రేకుదే. నేల తాకేటప్పుడు మోకాలు కొద్దిగా వంగినా, విసిరే క్షణానికి అది నిటారుకు రావాలి. తుంటి ఆగిందో లేదో, వేగం ఛాతీలోకి, అక్కడి నుంచి చేతిలోకి ఎక్కుతుంది. జావెలిన్ త్రోయర్లు అంత పరుగు పరిగెత్తి చివరి అడుగులో ఎడమకాలిని గుంజలా పాతేది ఇందుకే. మోకాలు ముందుకు కుంగితే ఆ వేగమంతా తొడలో ఇంకిపోతుంది.

పొట్ట బిగింపు కూడా ఇక్కడే కావాలి. పొట్ట లోపలికి లాక్కోవడం కాదు. ఎవరో డొక్కలో పొడవబోతున్నారన్నట్టు ముందూ వెనకా పక్కలా ఒకేసారి బిగించి, విసిరే క్షణంలో ఊపిరి చిన్నగా, గట్టిగా వదలాలి. మొదటి నుంచీ బిగుసుకుని ఉంటే ఛాతీ తిరగదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఫోన్‌లో సెకనుకు 120 లేదా 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, మీ ఛాతీ కనిపించే వైపు నుంచి తీయండి. ఎడమ పాదం పూర్తిగా నేలకు ఆనిన ఫ్రేమ్ దగ్గర ఆపండి. బకిల్ తిరగడం మొదలై, టీషర్టు మీది బొమ్మ ఇంకా కెమెరా వైపే ఉంటే వరస బాగున్నట్టు. రెండూ ఒకేసారి గురి వైపు తిరిగిపోయి ఉంటే విసురు చేతిదే. దీనికి ఎక్కువసార్లు కారణం ఎడమ చెయ్యి: దాన్ని తొందరగా పక్కకు లాగేస్తే ఛాతీ దానితోపాటే తెరుచుకుంటుంది. అడుగు పడేదాకా ఎడమ మోచేతిని గురి వైపే ఉంచండి. తర్వాత బంతి చెయ్యి వదిలే ఫ్రేమ్ చూడండి. ఎడమ మోకాలు పాదం పడినప్పటి కన్నా ఎక్కువ వంగి ఉంటే బ్రేకు పడలేదు.

ఎడమ తుంటి లోపలికి సరిగా తిరగనివాళ్లకు ఎంత చెప్పినా ఈ వరస కుదరదు. కుర్చీలో కూర్చుని, తొడ కదపకుండా ఎడమ పాదాన్ని బయటి వైపుకు ఎత్తి చూడండి. పిక్క 30 డిగ్రీలు కూడా పోకపోతే ముందు ఆ కీలును సాగదీసే పని పెట్టుకోవాలి. లేదంటే ఆ లోటు మోకాలు, నడుము భరించాల్సి వస్తుంది.

సాధన

గోడకు మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే బరువైన బంతి) విసరడం అన్నిటికన్నా పనికొచ్చేది. 2 కిలోల బంతితో, గోడకు మీటరు దూరంలో పక్కవాటుగా నిలబడి, పొట్ట ఎత్తులో పట్టుకుని పైన చెప్పిన వరసలోనే విసరండి. ఒక్కో వైపు 5 సార్లు, 3 సెట్లు, మధ్యలో నిమిషం నుంచి నిమిషంన్నర విశ్రాంతి. రెండు వైపులా చేయాలి. 4 కిలోలు దాటితే కదలిక నెమ్మదించి చేతులతో నెట్టడం మొదలవుతుంది, బరువు పెంచాలన్న ఆరాటం ఇక్కడ చెరుపే చేస్తుంది.

దాంతోపాటు భుజాల మీద కర్ర అడ్డంగా పెట్టుకుని, అడుగు వేసి, కర్ర కదలకుండా తుంటిని మాత్రం తిప్పడం 10 సార్లు. మరొకటి, ఛాతీ ఎత్తులో కట్టిన రబ్బరు బ్యాండ్‌కు పక్కవాటుగా నిలబడి, రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపి 10 సెకన్లు ఆగడం. బ్యాండ్ పక్కకు లాగుతుంటే తిరగకుండా నిలబడటమే అందులో వ్యాయామం. ఒక్కో వైపు 4 సార్లు చాలు.

వెనక్కి వంగుతూ మెలితిరిగినప్పుడు నడుములో ఒక పక్కే నొప్పి వస్తుంటే విసరడం ఆపి డాక్టరుకు చూపించండి. ఫాస్ట్ బౌలర్లకు వెన్నుపూసలో సన్నటి చీలిక ఇలాగే మొదలవుతుంది, ఎక్కువగా బౌలింగ్ చేతికి ఎదురు పక్కన. బాగున్నవాళ్లు మొదటి రెండు వారాలూ సగం బలంతోనే విసరండి. పాదం ఆనిన ఫ్రేమ్‌లో బొమ్మ కెమెరా వైపు నిలకడగా ఉంటోందని వీడియోలో కనిపించాకే వేగం పెంచండి.