బరువు తగ్గే సర్జరీ అయిందా? ఆరు నెలలు గాల్‌బ్లాడర్ మీద ఓ కన్నేయండి

కడుపును చిన్నది చేసే స్లీవ్ సర్జరీయో, గ్యాస్ట్రిక్ బైపాసో చేయించుకున్నాక బట్టలు వదులవుతుంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. గాల్‌బ్లాడర్‌లో, అంటే పిత్తరసం నిలవుండే సంచిలో, రాళ్లు పడేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. ఒంట్లో కొవ్వు వేగంగా కరిగితే అందులోని కొలెస్ట్రాల్ పిత్తరసంలోకి చేరుతుంది. తినేది నాలుగు ముద్దలు, అందులోనూ నూనె ఉండదు. దాంతో గాల్‌బ్లాడర్ సరిగా పిండుకోక, రసం నిలవ ఉండి చిక్కబడుతుంది.

పేగుల్లోని బ్యాక్టీరియాకూ ఇందులో పాత్ర ఉంది. కాలేయం పంపిన పిత్త ఆమ్లాలను అవి మార్చి డీఆక్సీకోలిక్ యాసిడ్ తయారుచేస్తాయి. అది పెరిగితే రాళ్లకు అనుకూలం. డీసల్ఫోవిబ్రియో రకం బ్యాక్టీరియా ఎలుకల్లో రాళ్లను పెంచినట్టు ప్రయోగాల్లో తేలింది. సర్జరీ తర్వాత పేగుల్లో ఈ బ్యాక్టీరియా సమతూకమూ మారుతుంది. అలాగని మెడికల్ షాపులో ప్రోబయోటిక్ కొనుక్కుంటే రాళ్లు ఆగుతాయనడానికి గట్టి రుజువు లేదు. పెరుగు తినండి, మంచిదే. మందు మాత్రం మందే.

రాళ్లు పడకుండా వాడే ఆ మందు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవాళ్ల మీద 1995లో వచ్చిన అధ్యయనంలో, ఇది వాడనివాళ్లలో 32 శాతం మందికి ఆరు నెలల్లో రాళ్లు పడ్డాయి. రోజుకు 600 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో 2 శాతం మందికే. మీకు అవసరమా, ఎంత డోసు, ఎన్నాళ్లు అన్నది డిశ్చార్జ్‌కు ముందే సర్జన్‌ని అడగండి. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో ఆపేయడమే మనవాళ్లతో వచ్చిన చిక్కు. సర్జరీకి ముందే స్కాన్‌లో రాళ్లు కనిపిస్తే ఆ లెక్క వేరు, అప్పుడే తేల్చుకోవాలి.

వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లకు ముప్పు ఎక్కువ. మొదట్లో ఆ వేగం మన చేతిలో ఉండదు, పూటలు మానకపోవడం ఉంటుంది. కార్తీక సోమవారాల ఉపవాసం, ఖాళీ కడుపుతో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవడం ఈ ఏడాదికి వద్దు. అప్పన్న ఏమీ అనుకోడు. డైటీషియన్ సరేనన్నాక పప్పులో కాస్త నెయ్యి, చిన్న వంజరం చేప ముక్క తినండి.

తిన్నాక కుడి డొక్క పైన, పక్కటెముకల కింద నొప్పి పట్టి కుడి భుజం వైపు పాకితే గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోకండి, స్కాన్ చేయించండి. జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. విశాఖలో ఏ మూలనున్నా, గాజువాకలో ఉన్నా మధురవాడలో ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. బైపాస్ అయినవాళ్లకు నోట్లోంచి ట్యూబు వేసి రాయి తీయడం కష్టం. అందుకే ఏ సర్జరీ అయిందో డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పాలి. డిశ్చార్జ్ కాగితం ఫొటో మీ ఫోన్లోనే కాదు, ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఉంచండి.