సఫారీ పాఠాలు – 4: ఏనుగును చదవడం

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. కెన్యాలోని సాంబురులో నీటి ఒడ్డున రెండు రకాల జీబ్రాలు పక్కపక్కనే నిలబడితే ఏది ఏదో ఎలా తేలుస్తారని అడిగాను. పొట్ట చూడాలి. చారలు వెడల్పుగా ఉండి పొట్ట కిందిదాకా దిగితే మామూలు మైదానపు జీబ్రా. చారలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండి పొట్ట తెల్లగా మిగిలిపోతే గ్రేవీ జీబ్రా. చెవులు కూడా దానివి పెద్దవి, గుండ్రటివి. రెండో ప్రశ్న జిరాఫీది. మచ్చల మధ్య తెల్లగీతలు తేటగా, తిన్నగా ఉంటే రెటిక్యులేటెడ్ జిరాఫీ. మచ్చల అంచులు చీలికలు పేలికలుగా ఉంటే మసాయి జిరాఫీ.

ఇంతవరకూ ఏ జాతో చెప్పడం నేర్చుకున్నాం. ఈసారి ఆ పని లేదు. ఏనుగును చూసి ఏనుగని చెప్పడానికి పాఠం ఎందుకు? ఎదురుగా ఉన్నది ఆడదా మగదా, వయసెంత, ఎవరి తాలూకు, ఇప్పుడు దాని మనసులో ఏముంది అన్నవి ఈ పాఠంలో మన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగలిగితే ఒక్క గుంపు దగ్గర పూటంతా కూర్చున్నా విసుగు రాదు.

సఫారీకి వెళ్లే చాలామంది అలా కూర్చోరు. చేతిలో 'బిగ్ ఫైవ్' జాబితా ఉంటుంది: సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవిదున్న. అది వేటగాళ్లు రాసుకున్న జాబితా. కాలినడకన వెంటాడి చంపడానికి ఏవి ప్రమాదకరమో వాటి లెక్క అంతే. కెన్యాలో వేట 1977లోనే నిషేధించారు గానీ జాబితా మాత్రం టూర్ బ్రోషర్లలో దర్జాగా బతుకుతోంది. ఫలితం ఏమిటంటే ఏనుగు కనబడగానే నాలుగు ఫోటోలు, ఒక టిక్కు, "ఇక సింహం చూపించు" అని డ్రైవర్ మీద ఒత్తిడి. తీరా సింహం దగ్గరికి వెళితే అది చెట్టు నీడన నిద్రపోతూ ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం దాని పని అదే. ఏనుగు అలా కాదు, మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం తినడానికే పోతుంది. తింటూ, నడుస్తూ, ఒకదాన్నొకటి తాకుతూ, పిల్లల్ని అదిలిస్తూ ఉంటుంది. చూడడం వచ్చినవాడికి అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

నేర్చుకోవడానికి అంబోసెలీని మించిన బడి లేదని నా అభిప్రాయం. దక్షిణ కెన్యాలో 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు. సరిహద్దు అవతల టాంజానియాలో 5,895 మీటర్ల కిలిమంజారో. ఆ కొండ మీద పడిన నీరు భూమిలోకి ఇంకి, ఇటు పార్కులో ఊటలుగా పైకి వచ్చి చిత్తడి నేలలవుతుంది. చుట్టూ ఎండి దుమ్ము లేస్తున్నా ఆ చిత్తడిలో పచ్చగడ్డి ఉంటుంది కాబట్టి ఏనుగులు పొద్దున పొదల్లోంచి దిగి వస్తాయి, సాయంత్రం తిరిగి వెళతాయి. నేల చదును, చెట్లు తక్కువ. వరుసగా నడిచి వచ్చే కుటుంబం దూరం నుంచే కనబడుతుంది. పైగా సింథియా మాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1972లో ఇక్కడ మొదలుపెట్టిన ఏనుగుల అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది. కింద చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఆ పుణ్యమే.

మొదట: ఆడా, మగా?

ఇక్కడ మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. గుడి ఏనుగులనో, చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల్లోంచి పొలాల మీదికి వచ్చే గుంపులనో చూసిన అలవాటుకి, దంతాలు బయటికి కనబడితే మగ అనుకుంటాం. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి. కాబట్టి దంతం ఉందా అని కాదు, ఎలా ఉందని చూడాలి. మగదానికి మొదట్లో బాగా లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది. ఆడదానికి మొదటి నుంచీ సన్నమే.

అంతకంటే నమ్మదగ్గ గుర్తు నుదురు. పక్కనుంచి చూస్తే మగదాని నుదురు గుండ్రంగా వంగి కిందికి జారుతుంది. ఆడదాని నుదురు దగ్గర కోణం తిరుగుతుంది, కాస్త పలకగా ఉంటుంది. నాలుగైదు తలలు వరుసగా చూశాక ఈ తేడా కంటికి అలవాటవుతుంది. ఎదిగిన ఆడ ఏనుగైతే ముందుకాళ్ల మధ్య రొమ్ములు కూడా కనబడతాయి.

పరిమాణం ఆఖరున చూడండి. పూర్తిగా ఎదిగిన మగ ఏనుగు ఆడదానికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది, 6 టన్నుల వరకూ. అయితే మగవి నలభై ఏళ్లు దాటేదాకా పెరుగుతూనే ఉంటాయి. అందుకని పాతికేళ్ల మగదాన్ని ఒంటరిగా చూస్తే అది పెద్దదో చిన్నదో తేల్చడం కష్టం. పక్కన మరొకటి ఉండాలి.

వయసు

పిల్లలది సులభం. తల్లి పొట్ట కింది నుంచి వంగకుండా నడిచి వెళ్లగలిగితే ఏడాది లోపుది. తొండం ఉన్నా దానితో ఏం చేయాలో తెలియక ఊపుతూ, ఒక్కోసారి తనే తొక్కుకుంటూ, నీళ్లు నోటితోనే తాగుతుంటే ఇంకా నెలల పిల్ల. దంతం కొస బయటికి కనబడితే రెండేళ్లు దాటినట్టు. పెద్దవాటి విషయంలో ఏళ్ల లెక్క కట్టకండి, గైడ్‌లు కూడా అందాజుగానే చెబుతారు. తల్లీ పెద్దకూతురూ పక్కపక్కన నిలబడినప్పుడు ఎవరు ఎవరో చెప్పగలిగితే మీ స్థాయికి చాలు. పిల్లకూ పిల్లకూ మధ్య నాలుగైదేళ్లు ఎడం ఉంటుందన్నది గుర్తుంచుకోండి. ఒకే తల్లి చుట్టూ మెట్లు మెట్లుగా ఎత్తు తేడాతో మూడు పిల్లలు కనిపిస్తే ఆ లెక్క సరిపోతుంది.

ఎవరి తాలూకు?

గుంపు అంటే ఆడ ఏనుగులూ వాటి పిల్లలూ. అమ్మమ్మ, అమ్మలు, పిన్నులు, అక్కలు. మగపిల్లలు పద్నాలుగేళ్లకు అటూ ఇటూగా ఇల్లు వదిలిపోతారు. ఆ తర్వాత ఒంటరిగానో, తోటి మగవాళ్లతోనో తిరుగుతారు. కాబట్టి పిల్లలున్న గుంపులో పెద్ద మగ ఏనుగు కనబడితే అది ఇంటి మనిషి కాదు, చుట్టపుచూపుగా వచ్చింది.

పెద్ద దిక్కు సాధారణంగా అందరికంటే వయసు మళ్లిన ఆడది. ఆమెను వరుసలో ముందు వెతుకుతారు కొత్తవాళ్లు. ముందే ఉండాలని లేదు, ఒక్కోసారి చివర నడుస్తుంది. ఏదైనా అనుమానం వచ్చినప్పుడు చూడండి: చిన్నవి ఎవరి వైపు పరుగెత్తుతాయో, ఎవరు ఆగితే అందరూ ఆగుతారో, ఆమే. అంబోసెలీ పరిశోధకులు ఒక్కో కుటుంబానికి అక్షరాలు కేటాయించి, పిల్లలకు ఆ అక్షరంతోనే పేర్లు పెడతారు. 'ఈబీ' కుటుంబానికి ఏళ్ల తరబడి పెద్ద దిక్కుగా ఉన్న ఎకో 2009లో చనిపోయింది.

పెద్దదాని అనుభవం కుటుంబానికి ఎంత పనికొస్తుందో ఇక్కడే పరీక్షించి చూశారు. లౌడ్‌స్పీకర్‌లో సింహగర్జనలు వినిపిస్తే, ఎక్కువ ప్రమాదమైన మగ సింహం గొంతును బాగా పోల్చుకుని జాగ్రత్తపడినవి బాగా వయసున్న ఆడ ఏనుగులు నడిపే కుటుంబాలే. అది 2011లో. 2014లో ప్రచురించిన ప్రయోగం ఇంకా విచిత్రం. "అదిగో చూడండి, ఏనుగుల గుంపు వస్తోంది" అన్న మాటను మసాయి తెగ మగవాళ్ల గొంతుతోనూ, కాంబా అనే మరో తెగ మగవాళ్ల గొంతుతోనూ వారి వారి భాషల్లో వినిపించారు. ఏనుగులతో అప్పుడప్పుడూ ఈటెల గొడవ పడేది పశువులు కాసే మసాయిలు. వాళ్ల గొంతు వినగానే ఏనుగులు దగ్గరగా చేరి వెనక్కి తగ్గాయి. కాంబా గొంతుకు అంతగా బెదరలేదు. మసాయి ఆడవాళ్ల, మగపిల్లల గొంతులకూ అంతే. ఇక బండిలో కూర్చుని "అవి మనల్ని పట్టించుకోవడం లేదు" అనేవాళ్లకు ఏం చెప్పాలి!

ఒక్కొక్కదాన్ని పోల్చుకోవడం

చెవి అంచు చూడాలి, అంతే. చిరుగులు, గంట్లు, చిల్లులు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. కాగితం మీద రెండు చెవుల ఆకారం ముందే గీసి పెట్టుకోండి. కనబడిన చిరుగును ఆ చోట గుర్తించండి. తర్వాత దంతాలు: ఏది పొట్టి, ఏది పైకి వంగింది. మనకు కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్టే ఏనుగులు ఒక దంతాన్ని ఎక్కువ వాడతాయి, అది త్వరగా అరుగుతుంది. ఉదయం చూసిన ఆడదాన్ని సాయంత్రం మళ్లీ పోల్చుకోగలిగిన రోజున మీ సఫారీ తీరే మారిపోతుంది. దంతాలు నేలను రాసేంత పొడుగున్న మగవి ఇప్పుడు అరుదు. అంబోసెలీలో అలాంటి ప్రసిద్ధుడు టిమ్, 50 ఏళ్ల వయసులో 2020 ఫిబ్రవరిలో సహజంగానే చనిపోయాడు.

మనసులో ఏముంది?

ఈ పాఠానికి గుండెకాయ ఇదే, నిదానంగా చదవండి.

చెవులతో మొదలుపెడదాం. చెవులు మెల్లగా, లయగా విసురుతుంటే అది కోపం కాదు, ఉక్క. చెవి వెనక సన్నటి చర్మం కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. విసిరిన కొద్దీ అందులోని రక్తం చల్లబడుతుంది. చెవులు పక్కలకు బిగుసుకుని అలాగే నిలిచిపోతే, తల పైకెత్తి ముక్కు మీదుగా మిమ్మల్ని చూస్తుంటే, అది మీ గురించే. తల ఒక్కసారి విదిలించి చెవులు ఫట్‌మని ఒంటికి కొట్టుకుంటే చిరాకు పడిందని.

తొండం కొస పైకి లేచి గాలిలో అటూ ఇటూ తిరుగుతుంటే వాసన పడుతోంది. ఎటు తిరిగి ఆగిందో అటు మీరూ చూడండి, కొత్త గుంపో సింహమో కనబడవచ్చు. ముందుకాలు ఎత్తి ఊపుతూ వేయాలా వద్దా అన్నట్టు తటపటాయిస్తుంటే ఎటూ తేల్చుకోలేకపోతోంది. అందరూ మేస్తుంటే ఒకటి అంచుకు వెళ్లి, ఒక దిక్కుకు తిరిగి నిలబడితే బయల్దేరుదామంటోంది. దాంతోపాటు లోగొంతుతో గురగుర వినబడవచ్చు. వినబడకపోవచ్చు కూడా, ఎందుకంటే వాటి పిలుపుల్లో కొన్ని మన చెవికి అందనంత మంద్రస్థాయిలో ఉంటాయి. అంబోసెలీ, సాంబురు ఏనుగుల పిలుపులను విశ్లేషించి, అవి ఒకదాన్నొకటి పేరులాంటి ప్రత్యేకమైన పిలుపుతో పిలుస్తాయని 2024లో ఒక పరిశోధన ప్రతిపాదించింది.

భయపడితే పెద్దవి తలలు బయటికి పెట్టి, పిల్లల్ని మధ్యలోకి తోసి గుమిగూడతాయి. అప్పుడు కెమెరా దించేసి, దూరం జరగమని డ్రైవర్‌కు చెప్పండి.

ఇక మదం. మదజలం సంగతి మనకు కొత్త కాదు. ఆఫ్రికా ఏనుగుకు మాత్రం మదం ఉందని ఏనుగుల పరిశోధకురాలు జాయిస్ పూల్, సింథియా మాస్ కలిసి ప్రచురించింది 1981లో. అంతదాకా తికమక ఎందుకంటే, ఆఫ్రికాలో కణతల నుంచి కారడం ఆడవాటికీ పిల్లలకూ కూడా ఉంటుంది, ఉద్రేకపడితే చాలు. కాబట్టి చెంప మీద తడిచార ఒక్కటే చూసి "మదం పట్టింది" అని బండిలో ప్రకటించకండి. మగదై ఉండాలి, సాధారణంగా పాతికేళ్లు దాటి ఉండాలి. మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతూ వెనకకాళ్ల లోపలి వైపు తడిసి ఉండాలి. ఘాటైన వాసన ఉండాలి. తల ఎత్తి, ఎవరికీ దారివ్వని నడక ఉండాలి. ఇవన్నీ కలిస్తే మదమే. ఆ స్థితిలో ఉన్నదానికి తనకంటే పెద్ద మగవి కూడా దారి వదులుతాయి. మీరెంత?

మీదికి వచ్చేటప్పుడు బెదిరింపేదో నిజమేదో చెప్పే సూత్రం ఒకటి అందరూ చెబుతారు. చెవులు విప్పి, ఘీంకరిస్తూ, దుమ్ము లేపుతూ వస్తే బెదిరింపు. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు లేకుండా వస్తే నిజం. చాలావరకు నిజమేగానీ దాని మీద ప్రాణం పెట్టకండి, ఏనుగులు ఆ సూత్రం చదవలేదు. గుంపుకూ పిల్లకూ మధ్యలో బండి దూర్చకపోవడం, వాటి దారికి అడ్డంగా ఆపకపోవడం ఏ సూత్రం కంటే మేలు. గైడ్ బండి కదిలిస్తున్నప్పుడు "ఒక్క నిమిషం, ఒక్క ఫోటో" అనకండి. బండిలో లేచి నిలబడకండి, అరవకండి.

అభ్యాసం

ఆఫ్రికా ఏనుగుల వీడియో ఏదైనా ఒకటి తీసుకుని, శబ్దం తీసేసి చూడండి. వ్యాఖ్యాత గొంతు వింటే మీ కళ్లు పని మానేస్తాయి. ఎదిగిన ఆడవెన్ని, ఏడాది లోపు పిల్లలెన్ని రాసుకోండి. ఏ ఒక్కదాన్నో ఎంచుకుని రెండు చెవుల అంచులూ గీయండి. మరుసటి రోజు అదే వీడియోను మధ్యలోంచి మొదలుపెట్టి దాన్ని పట్టుకోగలరేమో చూడండి.

జవాబులు వచ్చే పాఠంలో చెప్పడానికి రెండు ప్రశ్నలు. ఒకటి: చెంప తడిగా ఉన్న ఏనుగు ఒకటి పిల్లకు పాలిస్తోంది, దీనికి మదమా? రెండు: చిత్తడిలో మేస్తున్న ఎనిమిది ఏనుగుల్లో అన్నీ మగవే, పిల్ల ఒక్కటీ లేదు. ఇది కుటుంబమేనా, కాకపోతే ఏమిటి?

వచ్చే పాఠం ఖడ్గమృగాల మీద. ఆఫ్రికాలోని రెండు జాతుల్లో నల్లదీ తెల్లదీ అని పేర్లున్నా రెండూ బూడిదరంగే. అందుకని రంగు పక్కన పెట్టి మూతితో మొదలుపెడతాం.