బండలున్న ప్లాటులో ఇల్లు కడుతున్నారా?

శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌కి ప్లాటు కొనగానే చాలామంది ముందు బండలు పగలగొట్టించి నేల చదును చేయిస్తారు. వద్దండీ. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, పోతే మళ్లీ రాదు. ప్లాన్ గీయించకముందే సర్వేయర్‌తో బండలు, ఎత్తుపల్లాలు, చెట్లు కొలిపించండి. వాలుని బట్టి గదుల మధ్య రెండు మూడు మెట్లు వస్తే రానివ్వండి.

బండనే గోడగా వాడాలని కొందరికి సరదా. ఫొటోలో బాగుంటుంది, కానీ వానకి దాని మీద జారిన నీళ్లు బండా గోడా కలిసే చోట సన్నటి పగుల్లోంచి గదిలోకి దిగుతాయి. బండకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు వదిలి, కింద కాలువ తీయించండి. పడమటి ఎండ తగిలే బండ ఎండాకాలం రాత్రి దాకా సెగ కక్కుతుంది. అటు బెడ్‌రూమ్ కాకుండా స్టోర్‌రూమ్ పెట్టుకోండి.