పాత టిబెటన్ రన్నర్ కొనే ముందు తడిగుడ్డ పరీక్ష

కొత్త రగ్గును కెమికల్‌తో కడిగి పాత టిబెటన్ రన్నర్ (సన్నగా, పొడవుగా ఉండే రగ్గు) అని అమ్ముతుంటారు, కొనాలంటే అదే టెన్షన్. నేను చూసే పద్ధతి ఇది. తెల్ల నూలు గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ముదురు ఎరుపు మీద 10 సార్లు రుద్దండి. రంగు అంటితే వదిలేయండి. తర్వాత రగ్గును వెనక్కి విరిచి ఊలు మొదళ్ళు చూడండి. ఎండకు వెలిసినదైతే కొస నుంచి మొదలుకు రంగు మెల్లగా ముదురుతుంది, గీత గీసినట్టు మారదు. చివర్న పడుగు దారం (నేతలో నిలువుగా ఉండేది) కూడా చూడండి. బాగా పాతవాటిలో అదీ ఊలే.

మఠాల్లో భిక్షువులు వరసగా కూర్చునే రన్నర్లలో మనిషికో చదరం ఉంటుంది. చివరి చదరం సగంలో ఆగిందంటే అది కోసిన ముక్క, ధర తగ్గించమని అడగండి.

ఒక్క జాగ్రత్త: గట్టిగా కెమికల్ వాష్ చేసినదానికి రంగు అంటకపోవచ్చు, గుడ్డ ఒక్కదాన్నే నమ్మొద్దు.